స్వాతికి, రిజిస్టర్ సంగతి

సింగ్ నగర్, విజయవాడ
24 జనవరి 2026

చిరంజీవి స్వాతికి,

నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని తలుస్తాను. పండక్కి నువ్వు రాలేదు. కనుమ నాడు అమ్మ చేస్తే ఫోన్ ఎత్తలేదు. ఆ తర్వాత "బాగానే ఉన్నాను, పని ఎక్కువగా ఉంది" అని రెండు మెసేజ్‌లు పెట్టావు, అంతే. దాని గురించి అడగడానికి కాదులే ఈ ఉత్తరం. ఊరికే రాయాలనిపించింది. ఫోన్‌లో అయితే అమ్మ పక్కనుంచి అందుకుంటుంది, నేను చెప్పదలచుకున్నది సగంలోనే ఆగిపోతుంది.

హాల్లో గోడ మీద వరద నీటి గీత ఇంకా కనిపిస్తోందని దసరాకి వచ్చినప్పుడు అన్నావు కదా. పండక్కి ముందు రంగులు వేయించాం. పెయింటర్ రెండుసార్లు పుట్టీ పెట్టాడు. అయినా వానాకాలం వస్తే గీత మళ్ళీ తేలొచ్చని ముందే చెప్పాడు. లోపల ఇటుక ఆరకపోతే పైన ఎన్ని కోటింగులు వేసినా లాభం లేదట. చూద్దాం. మోటారు మాత్రం ఈసారి మేడ మెట్ల మీదకు ఎక్కించాను. నాయనమ్మ కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్తోంది, కరివేపాకు చెట్టు తనే చూసుకోవాలంటుంది. బాబాయికి మోకాలు అలాగే ఉంది. గిరికి సంబంధం దాదాపు ఖాయమైనట్టే.

మొన్న మంగళవారం రాజీ పిన్ని ఫోన్ చేసింది. గోరంతను కొండంత చేసే మనిషి కాబట్టి నేను పూర్తిగా నమ్మలేదు. నువ్వు ప్రతి శనివారం ఒక కౌన్సెలర్ దగ్గరకు వెళ్తున్నావని చెప్పింది. ఆఫీసులో టీమ్ లీడ్ ఇస్తామంటే వద్దన్నావని చెప్పింది. ఫిబ్రవరిలో సెలవు పెట్టి, పది రోజులు మాట్లాడకుండా ఉండే ధ్యాన శిబిరానికి వెళ్తున్నావని కూడా చెప్పింది. ఇంకొక మాట కూడా అంది. అది తర్వాత రాస్తాను.

శిబిరం అనగానే మీ అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇరవై ఏడేళ్ళ పిల్ల, ఇలాంటి వాటిలో పడితే పెళ్ళేం చేసుకుంటుంది" అని ఆమె బాధ. నేను కంగారు పడలేదు. ఎందుకంటే మా సుబ్బారావు గారు రిటైరైన ఏడాదే అక్కడికి వెళ్ళొచ్చారు. ఏలూరు దగ్గర విజయరాయిలో ఉంది కదా, అదే అనుకుంటాను. గోయెంకా గారు బర్మా నుంచి 1969లో వచ్చి మన దేశంలో నేర్పడం మొదలుపెట్టిన విపశ్యన పద్ధతి అది. ఫీజు అడగరు, పది రోజులూ ఉన్నాక ఎవరికి తోచింది వాళ్ళు ఇచ్చి రావడమే. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి వచ్చేదీ పోయేదీ గమనించడమే పని. నాలుగో రోజు నుంచి ఒంట్లో ఎక్కడ ఏమనిపిస్తోందో చూడటం నేర్పుతారు. సాయంత్రం భోజనం ఉండదు, కొత్తవాళ్ళకు ఐదింటికి టీ, పళ్ళు ఇస్తారు. నువ్వు ఆకలికి ఆగలేవు కాబట్టి పదకొండింటి భోజనం కడుపునిండా తిను. మోకాళ్ళు నొప్పెడితే కుర్చీ అడుగు, ఇస్తారు. అడగడానికి మొహమాటపడకు. పలచటి దుప్పటి ఒకటి, ఫిబ్రవరి కాబట్టి స్వెటర్ ఒకటి పెట్టుకో. తెల్లటి చుడీదార్లు కొననక్కర్లేదు, వదులుగా ఉన్నవి ఏవైనా సరిపోతాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. దరఖాస్తులో మనసుకు సంబంధించిన ఇబ్బందులేమైనా ఉన్నాయా, మందులేమైనా వాడుతున్నారా అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రాయి. పది రోజులు మాట లేకుండా కూర్చుంటే ఎప్పటివో పాత సంగతులు పైకి వస్తాయి, కొందరికి అది తట్టుకోలేనంతగా ఉంటుంది. అందుకే వాళ్ళు అడుగుతారు. నువ్వు నిద్రమాత్రలు వేసుకుంటున్నావా? వేసుకుంటుంటే ఆ డాక్టరుతో మాట్లాడి వెళ్ళు. శిబిరం ఒక నెల ఆలస్యమైనా కొంపలేం మునగవు. రాత్రిపూట బాగా బరువుగా అనిపించి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి చెయ్యి, టెలీ మానస్ అని ప్రభుత్వం పెట్టింది, తెలుగులోనే మాట్లాడతారు. నాకు చేసినా సరే. రాత్రి రెండింటికైనా నేను మేలుకునే ఉంటాను.

అది ఎందుకో నీకు ఇంతవరకూ చెప్పలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మన వీధిలోకి వచ్చినప్పటి నుంచి నాకు వాన చప్పుడు వింటే నిద్ర పట్టేది కాదు. చినుకు పడితే చాలు, లేచి గుమ్మం దగ్గరకు వెళ్ళి టార్చి వేసి చూసేవాణ్ణి. నీళ్ళు లేవని కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది, అయినా గుండె దడదడలాడుతూనే ఉండేది. నలభై ఏళ్ళు నీటి శాఖలో పనిచేసి, నది మట్టాలు రాసినవాణ్ణి, నాకు నీళ్ళంటే భయమని ఎవరితో చెప్పుకోను? అమ్మకీ చెప్పలేదు. బీపీ చూపించుకోవడానికి వెళ్తే ఆ డాక్టరు గారే అడిగారు, నిద్ర ఎలా ఉందని. అప్పుడు నోరు విప్పాను. ఆ తర్వాత సుబ్బారావు గారి దగ్గర కూర్చుని ఊపిరి గమనించడం నేర్చుకున్నాను.

ఇప్పుడు రోజూ తెల్లవారి మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలో ఇరవై నిమిషాలు కూర్చుంటున్నాను. అదేదో గొప్ప ప్రశాంతత అనుకోకు. ఊపిరి మీద మనసు నాలుగు క్షణాలు నిలవదు. మోటారు గుర్తొస్తుంది, పెన్షన్ కాగితాలు గుర్తొస్తాయి, నువ్వు గుర్తొస్తావు. పోయిందని తెలిసిన ప్రతిసారీ మళ్ళీ తెచ్చుకోవడమే, దానికి తిట్టుకోకూడదు. ఆ తెచ్చుకోవడమే అభ్యాసం అంటారు సుబ్బారావు గారు. గాలి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. అందుకని దడ వచ్చినప్పుడు నిదానంగా, పొడుగ్గా వదులుతాను. తగ్గుతుంది. రాత్రికి రాత్రి తగ్గలేదు, ఐదారు నెలలు పట్టింది.

దానితో పాటు ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. నా అలవాటు నీకు తెలుసు కదా, గీతలు కొట్టి గళ్ళు చేశాను. టైము, ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, దాని పేరేమిటి. మొదట్లో పేరు గడిలో అన్నీ "కోపం" అనే రాసేవాణ్ణి. పాలవాడి మీద కోపం, బాబాయి మీద కోపం, కరెంటు పోతే కోపం. ఒక నెల తర్వాత మళ్ళీ చదివితే అందులో సగం కోపం కాదమ్మా. నాయనమ్మ మెట్ల మీద తూలినప్పుడు నేను అరిచింది భయంతో. గిరి పెళ్ళి సంగతి మాకు చివర్లో చెప్పినప్పుడు ముఖం ముడుచుకుంది చిన్నబుచ్చుకుని. నాకు ఒక్క పేరే వచ్చు కాబట్టి అన్నిటికీ అదే రాశాను. భావానికి సరైన పేరు పెడితే దాని ఉధృతి తగ్గుతుందని అమెరికాలో 2007లో పరిశోధన చేసి చూపించారట. భయంగానో కోపంగానో ఉన్న ముఖాల ఫోటోలు చూపించి, అదేం భావమో మాటల్లో చెప్పమన్నప్పుడు మెదడులో అమిగ్డలా అనే భాగం నెమ్మదించిందట. నాకు అది వింతగా అనిపించలేదు. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 5.69 లక్షలకు రెండోది. మట్టం చూసి రాసినంత మాత్రాన నీరు తగ్గదు. కానీ చూసి రాసే మనిషి లేకపోతే దిగువనున్న ఊళ్ళకు చెప్పేవాడే ఉండడు. నీకు దవడ బిగుస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. అది నీకు మొదటి హెచ్చరిక. అప్పుడే చూసుకో.

మళ్ళీ పాఠం చెబుతున్నాను. వద్దనుకుంటూనే వచ్చేస్తుంది.

పిన్ని అన్న ఆ మాట రాయాలి. నువ్వు తన కూతురితో అన్నావట. "ఏదైనా తప్పు జరిగినప్పుడు నీ లోపల ఎవరి గొంతు వినిపిస్తుంది" అని కౌన్సెలర్ అడిగిందట. నువ్వు చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "మా నాన్నది" అన్నావట.

పిన్ని ఇది చాడీలాగే చెప్పింది. "చూశావా బావా, పెంచి పెద్దచేస్తే చివరికి ఇలా అంటారు" అంది. నేనేమీ అనలేదు. ఫోన్ పెట్టేసి మేడ మీదకు వెళ్ళాను. ఏం వాక్యం వినిపిస్తుందో పిన్ని చెప్పలేదు, ఆమెకు తెలియదు కూడా. నాకు తెలుసు. "నీ చేతిలో ఏదీ నిలవదు."

2009 అక్టోబరు వరద నీకు ఎంతవరకు గుర్తుందో. బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. నీకు పదకొండేళ్ళు. వరద తగ్గుముఖం పట్టాక మూడో రోజు అనుకుంటాను. నేను నాలుగు రోజులుగా ఇంటికి రాలేదు, గేజి దగ్గరే షెడ్డులో ఉన్నాను. గంటగంటకీ మట్టం చూడటం, ఫోన్‌లో కంట్రోల్ రూమ్‌కు చెప్పడం, రిజిస్టర్‌లో ఎక్కించడం. నీకు బడి లేదు. నాన్నకు అన్నం నేనే తీసుకెళ్తానని పట్టుబట్టి బాబాయి సైకిలెక్కి వచ్చావు. నీలం గౌను. తలకు అమ్మ తువ్వాలు కట్టింది. నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్, పైన గిన్నెలో దోసకాయ పప్పు. గట్టు మీద నుంచి నన్ను చూసి "నాన్నా, నీ గడ్డం పెరిగింది" అని అరిచావు. అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు.

నేను చెయ్యి కడుక్కోవడానికి వెళ్తూ రిజిస్టర్ నీకిచ్చి పట్టుకోమన్నాను. బల్ల మీద పెట్టొచ్చు. కానీ అడిగి తీసుకున్నావు, చూస్తానన్నావు. మెట్టు దగ్గర నిలబడి పేజీలు తిప్పుతున్నావు. అప్పుడే నదిలో ఒక గడ్డివాము కొట్టుకొచ్చింది, దాని మీద ఒక కుక్క. "నాన్నా కుక్క, నాన్నా కుక్క" అని చెయ్యి చాపావు. రిజిస్టర్ జారి నీళ్ళలో పడింది. అట్ట ఒకసారి పైకి తేలి, తిరిగి, మునిగిపోయింది.

మా అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ గారు అక్కడే ఉన్నారు. మా లస్కర్లు, అంటే మా శాఖ పనివాళ్ళు ఉన్నారు. నేను నిన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే నయమేమో, ఆ సాయంత్రానికి మర్చిపోయేదానివి. "నీ చేతిలో ఏదీ నిలవదు. నీకు ఏదైనా అప్పజెప్పడం నాదే బుద్ధి తక్కువ" అన్నాను. అందరి ముందూ అన్నాను. నువ్వు ఏడవలేదు. కుక్క వెళ్ళిన వైపే చూస్తూ నిలబడ్డావు. తిరిగి వెళ్ళేటప్పుడు క్యారియర్ హ్యాండిల్‌కు తగిలిస్తానని బాబాయి అంటే ఇవ్వలేదట. ఖాళీ క్యారియర్‌ను రెండు చేతులతో గుండెకు హత్తుకుని, సైకిల్ మీద ఇంటిదాకా అలాగే వచ్చావని బాబాయి చెప్పాడు.

నీకు తెలియనిది ఇప్పుడు చెబుతాను, అమ్మకు కూడా తెలియదు. మట్టాలన్నీ ఫోన్‌లో చెప్పినవే కాబట్టి కంట్రోల్ రూమ్‌లో నకలు ఉంది. అది చూసి కొత్త రిజిస్టర్ రాయడానికి నాకు ఒక్క రాత్రి పట్టింది. మెమో లేదు, ఏమీ లేదు. మరి అంత మాట ఎందుకన్నాను? ముందు రోజు రాత్రి మూడింటి మట్టం నేను చూడలేదు. కునుకు పట్టింది. నాలుగింటికి లేచి, రెండింటికీ నాలుగింటికీ మధ్య ఉజ్జాయింపుగా ఒక అంకె వేసి, ఆలస్యంగా ఫోన్‌లో చెప్పాను. రిజిస్టర్ పోయిందంటే ఏఈ గారు నకలు తెప్పిస్తారు, మూడింటి ఫోన్ ఎప్పుడొచ్చిందో చూస్తారు, నా తప్పు బయటపడుతుందని వణికిపోయాను. ఆయన అసలు చూడనే లేదు. ఆ భయమే నీ మీద కోపమై పడింది. చేతిలో నిలవనిది నాకు, నీకు కాదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ మాట మన ఇంట్లో సామెత అయిపోయింది. గ్లాసు పగిలితే అదే, స్కూటీ తాళం కనబడకపోతే అదే. నవ్వుతూ అనేవాళ్ళం, నువ్వూ నవ్వేదానివి. పదహారేళ్ళు. నవ్వుతూ అన్న మాట లోపలికి పోదని అనుకున్నాను.

ఆరన్ బెక్ అనే అమెరికా మానసిక వైద్యుడు 1960లలో ఒక సంగతి గమనించాడట. దిగులుతో వచ్చినవాళ్ళకు కొన్ని ఆలోచనలు వాళ్ళ ప్రమేయం లేకుండానే టకటకా వస్తుంటాయి, వాటి అడుగున చిన్నప్పుడే కుదురుకున్న ఒక నమ్మకం ఉంటుంది. అది నమ్మకమని కూడా మనిషికి తెలియదు, నిజమనే అనుకుంటాడు. సబ్‌కాన్షస్ అని మీరంతా అనేది దీన్నేనేమో. పిన్ని కూతురు చెప్పింది, అద్దానికి "నేను సమర్థురాలిని" అని కాగితం అంటించుకున్నావని. అంటించుకో, తప్పు లేదు. కానీ నాకు మా పెయింటర్ గుర్తొచ్చాడు. బెక్ గారి పద్ధతి వేరు. ఆ నమ్మకాన్ని కాగితం మీద రాసి, దానికి రుజువేమిటి, కాదనడానికి రుజువేమిటి అని రెండు వైపులా పరీక్షించాలి. మీ కౌన్సెలర్ ఈపాటికి చెప్పే ఉంటుంది. రెండో వైపు రాయడానికి నీకు చెయ్యి రాదని నాకు తెలుసు కాబట్టి, నేను చూసినవి నేను రాస్తున్నాను.

బుడమేరు వచ్చిన రోజు మేమంతా మేడ మీద ఉన్నాం, నాయనమ్మకు షుగర్ ఇంజెక్షన్ అయిపోయింది. నువ్వు హైదరాబాద్‌లో కూర్చుని ఇరవై మూడు మందికి ఫోన్ చేశావు. డ్రోన్లతో అన్నం పొట్లాలు వేస్తున్న రోజులు అవి. ఎవరి పడవ ఏ వీధిలో ఉందో నోట్ చేసుకుని, మూడో రోజు పొద్దున్న ఇంజెక్షన్ మన మేడకు చేర్చావు. ఐస్ ముక్కల మధ్య పెట్టించి మరీ పంపావు. ఇన్సూరెన్స్ కాగితాలు నాకు అర్థం కాకపోతే రెండు నెలలు వెంటపడి నువ్వే తెచ్చావు. నాయనమ్మ జుంకాలు నీ దగ్గర భద్రంగా ఉన్నాయి. డిగ్రీలో నీ స్నేహితురాలు మానేస్తానంటే ఆ పిల్ల పరీక్ష ఫీజు కట్టి, కూర్చోబెట్టి చదివించావు. ఇవన్నీ ఎవరి చేతిలో నిలిచాయి? టీమ్ లీడ్ వద్దనడానికి నీకు వేరే కారణం ఉంటే సరే, పని బరువెక్కువనుకుంటే వద్దను, నేనేమీ అనను. ఆ వాక్యం వినబడి వద్దన్నట్టయితే మాత్రం, ఆ వాక్యం నాది, నా భయంలోంచి వచ్చింది, నేను వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక్కసారి అన్నంత మాత్రాన లోపలి నుంచి పోదని నాకు తెలుసు. నాకే పోలేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో చిన్న తాతయ్య పోయాక దివిసీమ ఇంట్లో మా నాన్న భయం అన్న మాటే పలకనివ్వలేదు. గాలి వీస్తే నేను వణికేవాణ్ణి, "మగాడివి, ఏంట్రా అది" అనేవాడు. పధ్నాలుగేళ్ళవాణ్ణి, అప్పటి నుంచీ భయం వేస్తే కోప్పడటం నేర్చుకున్నాను. ఆయన్ని తప్పు పట్టలేను, తమ్ముణ్ణి నీళ్ళలో వెతికిన మనిషి. ఇది గుర్తుపట్టడానికి నాకు అరవై దాటాయి. నువ్వు ఇరవై ఏడుకే వెతుక్కుంటున్నావు. శనివారాలు మానకు. ఫీజుకు ఇబ్బందైతే చెప్పు, పెన్షన్ ఒకటో తారీఖున పడుతుంది. నా మీద ఏం చెప్పుకోవాలన్నా అక్కడ చెప్పుకో, నేను బాధపడతానని దాచొద్దు.

అమ్మకు ఈ ఉత్తరం చూపించలేదు, రిజిస్టర్ సంగతి నేనే చెబుతాను. శిబిరానికి వెళ్ళేది ఏ తారీఖో రాయి. హైదరాబాద్ నుంచి ఏలూరు వెళ్ళే బండి మామూలుగా బెజవాడలో ఆగుతుంది. బోగీ నంబరు మెసేజ్ పెడితే ప్లాట్‌ఫాం మీద ఉంటాను. పులిహోర, పెరుగన్నం తెస్తాను, ఆ నాలుగు గిన్నెల క్యారియర్‌లోనే. వరదలో కూడా పోలేదు అది. నువ్వు దిగనక్కర్లేదు, కిటికీలోంచి ఒక చేత్తో అందుకుంటే చాలు. పడితే పడనీ.

మీ నాన్న

తా.క. గీజర్ స్విచ్ ఆపి స్నానం చెయ్యి, మర్చిపోకు. రాజీ పిన్నితో దెబ్బలాడకు, ఆమె చెప్పబట్టే కదా నేను రాసింది. స్వెటర్ లేకపోతే కొనకు, అమ్మ అల్లుతున్నది చేతులు ఒక్కటే మిగిలాయి, స్టేషన్‌కు అదీ తెస్తాను.